ఉన్నిచెవుల జనన రిజిస్టరు

మా పెద్దమ్మ ముప్పై ఒక్క సంవత్సరాలు జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసింది. ఊళ్ళో సగం మంది పుట్టినతేదీలు ఆవిడ చేతిరాతలోనే ఉన్నాయి. తేదీ ఒక్కరోజు అటూ ఇటూ చెప్పినా ఒప్పుకునేది కాదు, ఆసుపత్రి కాగితం తెమ్మనేది. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి వెనకాల రిజిస్టరమ్మ అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

రిటైరైన రోజున తోటి ఉద్యోగులు ఒక కుక్కపిల్లను బహుమతిగా ఇచ్చారు. అది ఉన్నిచెవి. రెండు పేరున్న జాతుల్ని కలిపి ఈమధ్యే పుట్టించిన కొత్త రకం. ఒళ్ళంతా ఉంగరాల జుట్టు, దవడలు దాటి వేలాడే చెవులు. పిల్లతోపాటు బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్టు కూడా వచ్చింది. కుక్క అంటే ఆమడ దూరం పరుగెత్తే మా పెదనాన్న వారం తిరక్కుండానే దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేపరు చదవసాగాడు.

ఎనిమిదో నెలలో పిల్ల కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, తుంటి కీలు సరిగ్గా అమరలేదనీ, ఇది చాలామటుకు తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపమనీ చెప్పింది. ఆ నెలలో ఆవిడ దగ్గరికి వచ్చిన ఇలాంటి ఉన్నిచెవుల్లో ఇది అయిదోదట. ఆపరేషన్‌తో మా పిల్ల కోలుకుంది కానీ, దాని తల్లికీ తండ్రికీ ఎవరైనా ఎక్స్‌రే తీశారా అని డాక్టరమ్మ అడిగిన ప్రశ్న మాత్రం పెద్దమ్మను వదల్లేదు. సర్టిఫికెట్టు ముందూ వెనకా తిప్పి చూసింది. రెండు పేర్లూ ఒక ముద్రా తప్ప అందులో ఏమీ లేదు.

ఉన్నిచెవి పెంపకందార్ల సంఘం టైర్ల షాపు మీద ఒక్క గదిలో ఉండేది. అధ్యక్షుడు మర్యాదస్తుడు. ఆయన మగకుక్క పోటీల్లో గెలిచిన కప్పులు గోడంతా నిండి ఉన్నాయి. తల్లి వివరాలు కావాలని పెద్దమ్మ అడిగితే ఆయన అట్టలూడిన పుస్తకం ఒకటి ముందు పెట్టాడు. అందులో కొట్టివేతలు, తేదీల్లేని పుట్టుకలు, ఒకరి పేరుకెదురుగా ఇంకొకరి సంతకం. పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. కోపం కనబడనివ్వకుండా, పుస్తకం తను సరిచేసి పెడతానంది. ఊరికే పనిచేసే మనిషి దొరికిందని ఆయన సంబరపడి బీరువా తాళంచెవి చేతికిచ్చాడు. ఆయన చేసిన పొరపాటు అదే.

ఆరు నెలలు రోజూ ఉదయం పదింటికి వెళ్ళి కూర్చుంది. పుస్తకంలో ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసింది, ఫోన్ ఎత్తనివాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళింది. మా కుక్క తల్లి ఒక దర్జీ ఇంట్లో ఉన్నట్టు రాసి ఉంది. దర్జీ మిషన్ ఆపి, ఆ కుక్క పోయి రెండేళ్ళు దాటిందని చెప్పాడు. దాని పిల్లల్ని కొన్న, కుక్కల వ్యాపారం చేసే పెద్ద షెడ్డు యజమానికి అప్పుడే కబురు కూడా పంపాడట. రిజిస్టరులో మాత్రం అది ఆ తర్వాత కూడా మూడుసార్లు ఈనింది. మా పిల్ల పుట్టుక కూడా ఆ మూడింట్లో ఒకటి. మూడింటి కిందా పెద్ద షెడ్డాయన సంతకమే. షెడ్డులో ఊరూ పేరూ లేని తల్లుల్ని ఏడాది పొడవునా ఈనిస్తూ, ఆ పిల్లలన్నింటినీ ఆయన ఈ చచ్చిపోయిన తల్లి ఖాతాలో రాయిస్తున్నాడు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. డాక్టరమ్మ దగ్గర కుంటుతున్న కుక్కల్లో ఎక్కువ భాగానికి తండ్రి అధ్యక్షుడి మగకుక్కే. పెద్దమ్మ అది ఊరంతా చాటలేదు. ఆయన్ని ఒక్కణ్ణే కూర్చోబెట్టి కాగితాలు చూపించి, మీ కుక్కకు ఒకసారి ఎక్స్‌రే తీయించండి అని మాత్రం అంది. ఆయన లేచి వెళ్ళిపోయాడు. పది రోజులు గది వైపు రాలేదు.

సర్వసభ్య సమావేశానికి అరవై మంది వచ్చారు. పెద్దమ్మ తను రాసిన నిబంధనలు చదివింది. తల్లికీ తండ్రికీ తుంటి, కళ్ళు పరీక్ష చేయించనిదే జత కట్టించకూడదు. రెండేళ్ళు నిండని కుక్కను తల్లిని చేయకూడదు, ఏడాదికి ఒక్క ఈతకు మించకూడదు. ఎనిమిది వారాల లోపు పిల్లను తల్లి నుంచి విడదీయకూడదు. కొన్నవాళ్ళు పెంచలేకపోతే పుట్టించినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి. ప్రతి కుక్కకూ చర్మం కింద నంబరున్న చిప్ పెట్టించాలి. ఇవన్నీ సరిపోతేనే రిజిస్టరులో పేరు.

పెద్ద షెడ్డాయన నవ్వుతూ లేచాడు. "ఇవి కుక్కలమ్మా. మనుషుల పుట్టుకలు రాసీ రాసీ మీకు అలవాటైపోయింది."

"అవునండీ, అలవాటే," అంది పెద్దమ్మ. "ముప్పై ఒక్క ఏళ్ళు రాశాను. చచ్చిపోయిన తల్లికి మూడు కాన్పులు మాత్రం ఎక్కడా రాయలేదు. మీ పుస్తకంలోనే చూశాను."

దర్జీ వెనక వరసలోంచి లేచి నిలబడ్డాడు. తన కుక్క పోయిన తేదీ చెప్పాడు. పెద్దమ్మ తర్వాతి మూడు తేదీలూ, వాటి కింద సంతకాలూ చదివింది. షెడ్డాయన నవ్వు ఆపి కూర్చున్నాడు.

అప్పుడు అధ్యక్షుడు వేదిక దిగివచ్చి, చేతిలోని పెద్ద కవరులోంచి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "ఇది నా కుక్కది. తుంటి బాగాలేదు. ఇన్నాళ్ళూ దాని కప్పులే చూసుకున్నాను గానీ కీళ్ళు చూడలేదు. మేడమ్, ముందు దీని పేరు కొట్టెయ్యండి."

పెద్దమ్మ కొట్టివేయలేదు. రిజిస్టరులో కొట్టివేతలు ఆవిడకు గిట్టవు. ఆ పేరు పక్కన, ఇకమీదట జతకు పనికిరాదు, అని గుండ్రంగా రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది. ఆ తర్వాత నిబంధనలకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే నలభై నాలుగు చేతులు లేచాయి. షెడ్డాయన తన మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనక తలుపు వేసింది పెద్దమ్మకు తోడుగా వచ్చిన మా పెదనాన్నే.

మొదటి ఏడాది కొత్త పుస్తకంలోకి తొమ్మిది ఈతలే ఎక్కాయి. సంఘం మూతపడుతుందని కొందరు గుసగుసలాడారు. రెండో ఏడాదికి జనం షెడ్డు మానేసి, రిజిస్టరమ్మ పుస్తకంలో ఉన్న పిల్లే కావాలని నెలల తరబడి ఎదురుచూడసాగారు. నాలుగో ఏడాది డాక్టరమ్మ తనే టైర్ల షాపు మెట్లెక్కి వచ్చింది. ఆ ఏడాది తన దగ్గరికి వచ్చిన ఉన్నిచెవుల్లో కుంటేది ఒక్కటే, అదీ గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నది, అని చెప్పింది. పెద్దమ్మ అంత గట్టిగా నవ్వడం మేమెవరం అంతకుముందు వినలేదు.

కిందటి వారం నేను అక్కడున్నప్పుడే ఫోన్ మోగింది. మారుమూల ఊరి నుంచి ఒక పెంపకందారు. తన దగ్గరున్న మంచి అందమైన ఆడకుక్కకు కంటి పరీక్షలో తేడా వచ్చిందట. ఎవరూ అడక్కుండానే తనే చెబుతోంది, దాని పేరు తల్లుల జాబితాలోంచి తీసేయమని. పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెన్ను మూత తీసి, "చెప్పమ్మా, చిప్ నంబరు నెమ్మదిగా చెప్పు," అంది.