పాకం చల్లారనివ్వలేదు

మొన్న ఫోన్లో అడిగారు కదర్రా, మినుము మొక్క వేళ్లకు బుడిపెలు ఉంటాయా అని. ఉంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాల్లోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. మీ పుస్తకంలో రాసింది నిజమే. ఒక ఏడాది ఆ బాక్టీరియాని నేనే చంపేశాను.

ఉంగుటూరు దగ్గర మన చేలో వరి తరవాత ఏమీ వేసేవాళ్లం కాదు. ఆ ఏడాది మీ తాతగారు మినుములు చల్లుదామన్నారు. తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు సాయిబుగారు రైజోబియం పొడి ఇచ్చారు, ఆ బాక్టీరియానే కలిపిన నల్లటి పొడి. బెల్లం నీళ్లు కాచి, బాగా చల్లార్చి, అందులో ఈ పొడి కలిపి విత్తనాలకు పట్టించాలి. తాతగారు ఇదంతా నాకు చెప్పారు. నేను విన్నాను కూడా.

ఆ పొద్దున గొడ్ల పనీ వంటా అయ్యేసరికి నడుము పట్టేసింది. పాకం చల్లారేదాకా కూర్చునే ఓపిక లేకపోయింది. పొగలొస్తుండగానే పొడి పోసి కలిపేశాను. గోరువెచ్చనయ్యాక మినుములకు పట్టించాను.

మొక్కలు మొలిచాయి గానీ నెలకల్లా పాలిపోయాయి. తాతగారు నాలుగు పీకి చూశారు. ఒక్క బుడిపె లేదు.

"బొగ్గుపొడి అంటగట్టాడే ఆ కొట్టాయన! వెళ్లి నలుగురిలో అడిగేస్తాను," అని చొక్కా వేసుకుంటున్నారు.

"ఏవండీ, ఆగండి. పొడి వేడి మీదే పోసేశానండి."

బొత్తాం మీద చెయ్యి ఆగిపోయింది. "అరిసెలనుకున్నావా?"

"ఓపిక లేకపోయిందండి."

ఆయన మంచం మీద కూలబడ్డారు. "ఇందాకే ఫోన్లో నానా మాటలూ అనేశానే ఆయన్ని."

ఇద్దరం ఆటోలో గూడెం వెళ్లాం. జరిగింది నేనే చెప్పాను.

"అయ్యో పిన్నిగారూ, ఆ మాత్రానికి ఇంత దూరం రావాలా అండీ? కూర్చోండి," అని సాయిబుగారు స్టూలు జరిపారు. తరవాత నెమ్మదిగా అన్నారు, "బాబాయిగారు మా నాన్నగారిని కూడా కలిపి తిట్టారండి."

తాతగారు తలెత్తలేదు. "తప్పయిపోయింది బాబూ."

ఆ పంటకు ఇక ఆలస్యమైపోయిందని సాయిబుగారే చెప్పారు. తిరిగొచ్చి ఇంటి ముందు ఆటో దిగాక తాతగారు అడిగారు, "అంత ఓపిక లేనప్పుడు నన్నో కేక వెయ్యకపోయావా?"

కేకేస్తే వస్తారని అప్పటిదాకా నాకు తెలీదర్రా.