బొట్టు పెట్టిన చెట్టు

మా ఇంటి వీధివైపు కిటికీ కార్తీకం నుంచి మాఘం దాకా మూసే ఉంటుంది. సందుల్లో పాత గుడ్డపేలికలు కూరుతాను. నా భార్యకు దమ్ము. ఆ నెలల్లో వీధి చెట్ల పుప్పొడి గాలిలో తేలుతుంది, ఆమెకు ఊపిరి అందదు. ఆ చెట్లను తెచ్చింది నేనేనని కాలనీ అంతా అనుకుంటుంది, నన్ను మెచ్చుకుంటుంది కూడా. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వనపర్తి నుంచి పెద్దమందడి వెళ్లే దారిలో పల్లి చేలను చదును చేసి ప్లాట్లు వేసిన కాలనీ మాది. చదును చేసినవాళ్లు ముందుగా చేసిన పని గట్ల మీది చెట్లు కొట్టేయడం. అక్కడ నారేపలు ఉండేవి. పడుచుతనంలో వాటి కింద సద్దిమూట విప్పినవాణ్ణి, నాకు తెలుసు. ఇప్పుడు సిమెంటు రోడ్డు వచ్చింది, కరెంటు స్తంభాలు వచ్చాయి, ముందర రంగుల కమాను వచ్చింది. మనిషి నిలబడటానికి నీడ మాత్రం లేదు. ఎండాకాలం పగటిపూట బస్సు దిగి ఇంటికి నడిస్తే చెప్పుల్లోంచి వేడి మోకాళ్ల దాకా ఎక్కుతుంది.

నా భార్య ఇంట్లో ఎక్కువసేపు కూర్చోలేదు. శ్లాబు కింద గోడలు మీదికి వస్తున్నట్టు ఉంటుందని అంటుంది. దమ్ము లేచినప్పుడు ఆమెకు మందు కంటే ముందు కావలసింది వాకిలి. అందుకే గేటు ముందు ఒక నీడ చెట్టు ఉండాలని, పొద్దు వాలకముందే దాని కింద ముక్కాలిపీట వేసి ఆమెను కూర్చోబెట్టాలని నా ఆశ. ఇంతకు మించి ఆ చెట్ల వ్యవహారంలో నాకు ఏ స్వార్థమూ లేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. మా కాలంలో ఈ ప్రాంతం వాళ్లు కూలికి పోయి ఎక్కడెక్కడో కాలువలు తవ్వారు, ఎవరెవరికో చెరువు కట్టలు పోశారు. నేనూ పోయాను. పల్లీలు పొట్లం కట్టిన పేపరు ముక్కల మీద గుడారాల్లో అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత పట్నాలలో రోడ్ల పక్కన మొక్కలకు గుంతలు తవ్వే పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను. సెలవు దొరికితే లైబ్రరీలో చెట్ల పుస్తకాలు ముందేసుకునేవాణ్ణి. ప్రతి ఊళ్లోనూ ఒకటే తంతు. ముందు మొక్క దిగుతుంది, తర్వాత గుంత తవ్వుతారు, ఇక్కడి నేల ఏ రకం అని ఎండిపోయాక అడుగుతారు. ఈ కోపం నాకు అప్పటిది.

కాబట్టి కాలనీ కమిటీ మీటింగులో చెట్ల మాట రాగానే నేను ఊరుకోలేకపోయాను. ఒకాయన వేపాకు రాలితే ఎవరు ఊడవాలని అడిగాడు. ఇంకొకాయన కానుగ పూలు కారు మీద పడతాయన్నాడు. మూడో ఆయనకు మేకలు తినని మొక్క కావాలి. లేచి గట్టిగానే తగులుకున్నాను. మాది ఎర్ర చెలక, రెండు జానలు తవ్వితే మొరం, దాని కింద రాయి. ఈ నేలలో, ఈ ఎండలో నిలిచేది ఇక్కడ పుట్టిన చెట్టే. వేప, కానుగ రాల్చేది కొన్నాళ్లే. ఎండలు ముదిరే వేళకు కొత్తాకు వేసుకుని గొడుగులా నిలబడతాయి. మనకు నీడ కావలసింది అప్పుడే కదా. చెట్టు ఆకు రాలిస్తే తప్పుబట్టేవాడు రేపు కోడి ఈకలు రాలుస్తుందని కూడా తప్పుబడతాడు అన్నాను. నవ్వారు. నవ్వి నన్ను ఇరికించారు.

"కాకా, గింత తెలిసినోనివి నువ్వే ఉన్నవ్. నువ్వే పోయి తెప్పియ్యి. మేమేమన్న కాదంటమా?" అన్నాడు కమిటీ అధ్యక్షుడు. నా కంటే ముప్పై ఏళ్లు చిన్నవాడు, మాట మెత్తన.

అలా నేను గద్వాలకు పోయాను. అక్కడ ఊరి బయట నర్సరీ నడిపే సాయిబు పాత పరిచయం. నన్ను నీడలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. వీధులకు వేప, కానుగ కలిపి అడిగాను. పార్కు అంచుకు నారేప అడిగాను. నా గేటు ముందుకు కానుగ అని మనసులోనే అనుకున్నాను.

"చాచా, వేప ఎంతైన ఇస్త. కానుగ మోకాలంతనే ఉంది. నారేప ఇంకా చిన్నగుంది. జర ఆగితె పెద్దయి తెప్పిస్త" అన్నాడాయన.

చిన్నవే ఇమ్మన్నాను. సంచిలో ఏళ్లు గడిపిన పెద్ద మొక్కకు వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, గుంతలో దించినా అది ఇంకా సంచిలోనే ఉన్నాననుకుంటుంది. చిన్నప్పుడే దిగిన వేరు రాతి సందు వెతుక్కుని లోపలికి పోతుంది. ఆయనకు ఇది తెలుసు, కాకపోతే కొనేవాళ్లకు నచ్చదు. మిరుగం కార్తె తొలి వానలు పడగానే బండి పంపుతానన్నాడు. ఆ మాట తీసుకుని వచ్చేశాను.

సరిగ్గా ఆ వానలకే తెలకపల్లిలో మా వియ్యంకుడు పోయాడు. దినాల దాకా అక్కడే ఉండవలసి వచ్చింది. చావు ఇంట్లో కూర్చుని చెట్ల మాట ఎత్తలేం కదా.

తిరిగి వచ్చి బస్సు దిగేసరికి కమాను దగ్గర నుంచే కనబడ్డాయి. వీధికి రెండువైపులా మనిషెత్తు మొక్కలు, ఒకే పచ్చన, ఒకే తీరు, పోలీసు కవాతులా. వేప కాదు, కానుగ కాదు. కోనోకార్పస్. పట్నం రోడ్ల పక్కన నేనే వాటికి గుంతలు తవ్వాను. నిలువుగా స్తంభంలా పోతాయి, నీడ వాటి కాళ్ల మీదే పడుతుంది. చలికాలంలో పూస్తే చుట్టుపక్కల దమ్మున్నవాళ్లు తుమ్ముతూ దగ్గుతూ ఉంటారు.

ఏం జరిగిందంటే, మోకాలెత్తు మొక్కలు చూస్తే కాలనీవాళ్లు ఏమంటారోనని అధ్యక్షుడికి బెంగ పట్టింది. దినాల ఇంట్లో ఉన్న నన్ను మొక్కల సంగతి అడగడం బాగుండదని నర్సరీకి తానే ఫోన్ చేసి మార్చేశాడు. చెడు తలంపుతో కాదు. అడిగితే దాచలేదు కూడా.

"ఆకు రాలదు, మేక ముట్టదు, ఏడాది తిరిగేసరికి ఇంటెత్తు. ఇంకేం గావాలె కాకా?"

"నీడ" అన్నాను.

"గది గూడ వస్తది తియ్యి."

నర్సరీ సాయిబుకు ఫోన్ చేశాను. వేర్లు ఇంకా నేల పట్టలేదు, వెనక్కి తీసుకొమ్మన్నాను. తీసుకుంటానన్నాడు. అంతలోనే ఆగాడు. "గాని చాచా, మొక్కలకు పసుపు పూసి పూజ చేసినరంట గద. గవి ఇంకోళ్లకు ఎట్ల అమ్మాలె? మీ ఆడోళ్లు ఒప్పుకొని ఇస్తెనే తీసుకుంట" అన్నాడు.

అప్పుడు దగ్గరికి పోయి చూశాను. ప్రతి మొక్క మొదట్లో పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్ప. మా దిక్కున ట్రాక్టరు వచ్చినా, ఎద్దు వచ్చినా, బోరు పడినా బొట్టు పెట్టకుండా వాకిట్లోకి రానివ్వరు. మొక్కలనూ అలాగే ఎదురెళ్లి పిలుచుకున్నారు. నా గేటు ముందరి మొక్కకు పసుపు మిగతావాటి కంటే దట్టంగా ఉంది. ఆ వేళ్ల గుర్తులు ఎవరివో నాకు వేరే చెప్పనక్కరలేదు.

లోపలికి పోయి అడిగాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. వీధిలో పెద్ద ముత్తైదువ ఆమేనట. మొదటి బొట్టు ఆమె చేతే పెట్టించారట. నేను గద్వాల దాకా పోయి తెప్పించిన మొక్కలని ఆమె సంబరపడి అన్నిటికీ పెట్టిందట.

"గవి నేను తెప్పించినయి కాదు. పీకి పంపాలె" అన్నాను.

"బొట్టు పెట్టినంక పీకుతవా? ఇగ గది మన ఇంటి పిల్ల అయింది."

ఆ చెట్టు పూస్తే నీ ఊపిరి నిలవదే అని చెప్పాను. పుస్తకం తెచ్చి చదివి వినిపించాను. విన్నది, అంతా విన్నది. పుస్తకం రాసినోడు బొట్టు పెట్టలేదు కదా అన్నది. నేను ఊరందరితో వాదించి గెలవగలను. ఈమెతో నలభై ఏళ్లుగా ఒక్క వాదం గెలిచిన గుర్తు లేదు.

వీధివాళ్లను అడిగి చూశాను. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. మగవాళ్లు, ఇంత పచ్చగా ఉంటే ఎందుకు పరేషాన్ అవుతున్నావు, నువ్వే కదా తెప్పించింది అన్నారు. మీటింగులో కేకలు వేసినవాణ్ణి నేను, గద్వాల పోయినవాణ్ణి నేను. నా పేరు ఆ మొక్కలకు పసుపులా అంటుకుపోయింది.

తర్వాతి చలికాలంలోనే పూత వచ్చింది. ఒకనాడు తెల్లవారుజామున ఆమె పెదాలు నీలం తిరిగితే ఆటోలో దవాఖానకు పరుగెత్తాం. తేరుకున్నాక డాక్టరు ఇంటి ముందు ఏ చెట్లున్నాయని అడిగాడు. చెప్పాను. తీసేయండి, లేకపోతే పూత రాకుండా కొట్టేస్తూ ఉండండి అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మూతికి గొట్టం పెట్టుకున్న మనిషి జవాబిచ్చింది. "పూత రానియ్యం సారూ."

రానియ్యనిది ఎవరు? నేను. వినాయక చవితి దాటితే చాలు, కత్తెర పట్టుకుని స్టూలెక్కుతాను. మా గేటు ముందుదే కాదు, గాలికి గేట్లు తెలియవు కాబట్టి వీధంతా కత్తిరిస్తాను. చివరి చెట్టు దగ్గరికి పోయేసరికి మొదటిది మళ్లీ మొగ్గ కడుతుంది. ఖిల్లా ఘణపూర్‌లో మా అక్క మంచం పట్టింది. చూడటానికి పోతే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. ఒక చెట్టుకు పశువును కట్టేసినట్టు నన్ను వీధి మొత్తానికి కట్టేశారు. మొన్న అధ్యక్షుడు మైకు పెట్టి, చెట్లంటే ప్రాణం పెట్టే కాక అని శాలువా కప్పాడు. కప్పించుకున్నాను. కాదంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

కిందటి కార్తీకంలో మా గేటు ముందు కత్తిరిస్తుంటే స్టూలు ఊగింది. కొమ్మ పట్టుకుని నిలబడ్డాను. కిటికీ అద్దం వెనక ఆమె ముఖం కనబడింది. ఏదో అంటున్నది. మూసిన కిటికీలోంచి వినబడదు. నోరు కదులుతున్నది, అరచేత్తో అద్దం కొడుతున్నది. చివరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు తీసి వచ్చేసింది.

"ముందు దిగు" అన్నది. దిగాను. ఆమె చెట్టును కింది నుంచి పైదాకా చూసింది. చాలాసేపు దగ్గి, ఆయాసం ఆగాక అన్నది: "ఆడపిల్లను ఎల్లగొట్టం. గాని ఒడిబియ్యం పోసి అత్తింటికి సాగదోలుతం గద."

నాకు ఇన్నేళ్లు తట్టని దారి అది. పీకడం వేరు, పంపడం వేరు. నర్సరీ సాయిబుకు ఫోన్ చేస్తే, ఊళ్లకు దూరంగా ఉన్న కంకర క్రషర్ చుట్టూ దుమ్ము ఆపడానికి పచ్చగోడ కావాలంటున్నారని, ఎంత పెద్దదైనా నాటుకుంటారని చెప్పాడు. తానే ట్రాలీ ఆటో తెచ్చాడు. మట్టిముద్ద చెదరకుండా చెట్టును లేపి గోనెసంచి చుట్టాం. ఆమె పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, వక్క కొత్త రవికె గుడ్డలో మూట కట్టి చెట్టు నడుముకు చుట్టింది. బొట్టు పెట్టి, మంచిగ బతుకు బిడ్డా అన్నది. సాయిబు కూడా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకునే ఉంది.

వీధి ఆడవాళ్లందరూ చూశారు. మీరూ పంపుతారా అని అడిగాను. మా ముంగటిది మంచిగనే ఉంది కాకా అన్నారు. ఎవరి పిల్ల వాళ్లది.

ఆ గుంతలో సాయిబు తెచ్చిన కానుగ పెట్టాను. మోకాలెత్తు మొక్క. ఆమె పసుపు గిన్నె పట్టుకుని వచ్చి వంగబోయి ఆగింది. "గిది కానుగనే గద? మంచిగ చూసి చెప్పు" అన్నది. ఆకు నలిపి వాసన చూపించాక గానీ బొట్టు పెట్టలేదు.

మిగతా వీధి అలాగే ఉంది. కిటికీ ఇంకా మూసే ఉంది. నిన్న ఎదురింటి చెట్టు కింద స్టూలు వేసుకుని కత్తిరిస్తుంటే మా అద్దం దడదడ మోగింది. మళ్లీ దమ్ము లేచిందేమోనని కత్తెర పారేసి దిగాను. ఆమె అద్దం వెనక నుంచి కిందికి వేలు చూపిస్తున్నది. మా గేటు ముందు ఒక మేక కానుగ మొక్కను వాసన చూస్తున్నది. మేక కానుగను తినదని నాకు తెలుసు. పోయి తోలాను.