స్టేషన్ మాస్టరుతో సంభాషణ

మీరు ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరంలో ఎన్ని నిజాలున్నాయి? గుర్తు చేసుకోండి. బడికి రాసిన సెలవు చీటీయే కదా అది? జ్వరంతో బాధపడుతున్నానని రాసి, మేనమామ పెళ్ళిలో రెండో పంక్తిలో కూర్చుని లడ్డు తిన్నారు. నేనూ తిన్నాను. మనకు ఇంగ్లీషు అలా పరిచయమైంది, జ్వరం రూపంలో. తెలుగులో అబద్ధం చెప్తే చెంప పగిలేది. ఇంగ్లీషులో చెప్తే హెడ్మాస్టరు సంతకం పెట్టేవాడు.

మిమ్మల్ని ఎత్తిపొడవాలని నాకేమీ లేదు. పెద్దయ్యాక అలాంటి సంతకాలు పెట్టిన వాళ్ళలో నేనూ ఒకడిని.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడిని. మొదటి ఏడాది విద్యార్థులు ఇంగ్లీషుకు ఒక రికార్డు రాయాలి. వారానికి ఒక పేజీ, మొత్తం పదహారు. ఆ వారం తరగతి బయట ఎవరితో ఇంగ్లీషులో మాట్లాడారు, ఏం మాట్లాడారు, దాన్నుంచి ఏం నేర్చుకున్నారు, ఇదీ రాయవలసింది. ఆలోచన గొప్పదే. దాన్ని కనిపెట్టిన వాళ్ళు మా కాలేజీ ముఖం చూసి ఉండరు.

మా దగ్గర రికార్డు రాయడమంటే సీనియరు రికార్డు తెచ్చుకుని దించడం. ఫిజిక్సు రికార్డులో లోలకం ఏటా పొల్లుపోకుండా ఒకేలా ఊగేది. ఇంగ్లీషు రికార్డులో ఆరో వారం అరవై మందీ స్టేషన్ మాస్టరుతో మాట్లాడేవారు. ఏడో వారం అరవై మందీ బ్యాంకు మేనేజరును పలకరించేవారు. మదనపల్లె రైల్వే స్టేషను ఊరికి ఎంతో దూరం. అరవై మంది ఒకే వారం అక్కడ దిగబడితే ఆ మాస్టరు పోలీసులను పిలిచి ఉండేవాడు. ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఆ పేజీలు నేను చదివితే కదా! అట్ట వేశారా, మార్జిను కొట్టారా అని చూసి కింద ఎర్ర సిరాతో సంతకం గీకేవాడిని.

ఆదివారాల్లో మాత్రం నేను వేరే మనిషిని. మూఢనమ్మకాలు పోగొట్టే సభలకు గుర్రంకొండ, పెద్దమండ్యం దాకా బస్సెక్కి వెళ్ళి, నిప్పుల మీద నడిస్తే అరికాళ్ళు ఎందుకు కాలవో విప్పి చెప్పేవాడిని. ఎవరు చెప్పినా నమ్మొద్దు, పరీక్షించి చూడండి అని మైకు ముందు గొంతు చించుకునేవాడిని. సోమవారం పొద్దున్నే వచ్చి, పరీక్షించకుండా అరవై సంతకాలు పెట్టేవాడిని.

అలాంటి తరగతిలోకి ఇథియోపియా నుంచి ఒకాయన వచ్చి చేరాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళో బడిపంతులు. కాలువలు, చెరువులు కట్టే చదువు చదివి రమ్మని వాళ్ళ ప్రభుత్వం పంపింది, ఒక షరతు మీద. మొదటి ఏడాదిలో ఒక్క సబ్జెక్టు తప్పినా స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, విమానం ఎక్కి వెనక్కి వెళ్ళిపోవాలి. లెక్కల్లో ఆయన మా పిల్లలకు పాఠం చెప్పగలడు. ఇంగ్లీషే గండం. ఆయన మాట్లాడితే మాటకూ మాటకూ నడుమ ఒక బస్సు దాటిపోయేంత ఖాళీ ఉండేది. రాత పరీక్షలో వచ్చేవి అంతంత మాత్రం. రికార్డు మార్కులతోనే గట్టెక్కాలి. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి వారమే వచ్చి, ఎవరితో మాట్లాడాలని అడిగాడు. అంతవరకు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "ఊళ్ళోకి వెళ్ళు, ఎవరితోనైనా మాట్లాడు" అని పంపేశాను. ఆయన నిజంగానే వెళ్ళాడు.

టమోటా మార్కెట్టుకు వెళ్ళి ఇంగ్లీషులో పలకరిస్తే మండీ మనిషి చేయి పట్టుకుని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఇంగ్లీషు మాత్రం ఇప్పించలేకపోయాడు. బస్టాండులో కండక్టరు ప్రతి మాటకూ "ఎస్, ఎస్" అంటూ బెంగుళూరు బస్సు ఎక్కించబోయాడు. ఇక నిజంగా ఇంగ్లీషు వచ్చిన డాక్టర్లు, లాయర్లు, మా లెక్చరర్లు ఆయన దూరంగా కనబడగానే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్క సందులోకి తిరిగేవారు. నేనూ ఒకటి రెండుసార్లు తిరిగాను. ఆయన ఇవన్నీ ఉన్నదున్నట్టు రాసుకొచ్చాడు. సందులోకి తిరిగిన వాళ్ళను గురించి మర్యాదగా "ఈ ఊరి చదువుకున్న వాళ్ళకు సందుల్లో చాలా పనులుంటాయి" అని రాశాడట. ఆ పేజీ కింద కూడా నా సంతకం ఉంది.

ఆరో వారం ఆయన పుంగనూరు పశువుల సంతకు వెళ్ళాడు, తిరిగొచ్చి నాకు చెప్పాడు కూడా. ఆ పేజీ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "ఈ వారం నేను ఇంగ్లీషు మాట్లాడలేదు. సంతలో ఒక పెద్దమనిషి భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. తువ్వాలు కింద నా వేళ్ళు పట్టుకున్నాడు. ఇది ఇక్కడి నమస్కారం అనుకున్నాను. నేనూ ఆయన వేళ్ళు గట్టిగా పట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చాలా సంతోషించారు. ఒకాయన ఎద్దు పలుపు తెచ్చి నా చేతిలో పెట్టాడు."

మా సంతల్లో పశువుల బేరం నోటితో చెప్పరు. దళారీ, కొనేవాడు తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా. ఈయన నమస్కారం పెట్టాననుకుని ఎద్దును కొన్నాడు. విషయం తెలిశాక ఆ దళారీ పగలబడి నవ్వి, పలుపు వెనక్కి తీసుకుని, మధ్యాహ్నమంతా పక్కన కూర్చోబెట్టుకుని ఏ వేలుకు ఏ లెక్కో నేర్పించాడట. పేజీ చివర, నేర్చుకున్నది అనే చోట ఆయన రాసింది ఇదీ: "తెలియని భాషలో ఏదీ గట్టిగా పట్టుకోకూడదు."

పరీక్షకు వారం ముందు మా శాఖాధిపతి రికార్డులన్నీ తిరగేసి, ఈయనది తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"ఏందప్పా ఇది? అందరిదీ ఆరో వారం స్టేషన్ మాస్టరు. ఈయన్ది ఎద్దు. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు సూస్తే ఏమనుకుంటాడు?"

"అది నిజంగా జరిగింది సార్."

"జరిగితే? జరిగినదానికీ రికార్డుకూ ఏం సంబంధం? రేపు ఫెయిలైతే ఆయప్పను విమానం ఎక్కిచ్చి వచ్చేది నువ్వా, నేనా? ఒక మంచి రికార్డిచ్చి రాపిచ్చు, పో."

ఆయన మాటల్లో దయ లేకపోలేదు. నాకూ అదే సబబుగా తోచింది. నిప్పుల మీద నడిచే వాళ్ళతో వాదించగలను గానీ ఒక మనిషి చదువుతో పందెం కాయగలనా? సీనియరు రికార్డొకటి చంకలో పెట్టుకుని సాయంత్రం ఆ ఇథియోపియా ఆయన అద్దెకున్న ఇంటికి వెళ్ళాను. ఇంటి యజమానురాలు వసారాలో కూర్చుని, నానబెట్టిన అనప గింజలను పొట్టు ఊడేలా పితుకుతోంది. ఊళ్ళో ఆయనతో రోజూ గంటసేపు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

"రాండి సారూ. మీరు సదువుకున్నోళ్ళు, ఒగ మాట సెప్పండి. ఈయప్ప ఏమోళ్ళు?"

కులం ఏమిటని అడగడం అది. అంత దూర దేశం నుంచి వచ్చిన మనిషికి మన కులాలుండవమ్మా అన్నాను.

"ఉండకుండా యాడికి పోతాయి సారూ? సూడండి, బుధవారం, శుక్రవారం నీసు ముట్టడు. పాలు గూడా తాగడు. పెద్ద కులమోళ్ళే అయ్యుంటారు."

ఆయనది వాళ్ళ మతంలోని ఉపవాసం. నేను గొంతు సవరించుకుని ఆదివారపు ఉపన్యాసం ఎత్తుకోబోయాను. అంతలో ఆయన గదిలోంచి బయటికొచ్చి, అచ్చం ఆమె యాసలో, "మేము మా నాయనోళ్ళమమ్మా" అన్నాడు.

"ఎన్నిసార్లడిగినా ఇదే సెప్తాడు సారూ" అని ఆమె గింజలు పక్కన పెట్టి నవ్వింది. నాకు గంట పట్టే పనిని ఆయన మూడు మాటల్లో ముగించాడు.

రికార్డు ఆయన చేతికిచ్చి, పదహారు పేజీలూ దీన్ని చూసి రాసేయమన్నాను. ఆయన నిలబడే ఆరో వారం పేజీ చదివాడు. తర్వాత తన ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

"ఇది ఎవరు మాట్లాడారు?"

"ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడి పద్ధతి ఇది."

"స్టేషను బయటికి రాగానే బజారు అని ఉంది. మన స్టేషను దగ్గర బజారు లేదు కదా?"

నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పేజీ చదివాను. వానల వల్ల బెంగుళూరు బండి నలభై నిమిషాలు ఆలస్యం. ప్రయాణికుడు మాస్టరుకు కృతజ్ఞతలు చెప్పి బజారులోకి నడిచాడు. ఆ వాక్యాలు నావి. తొంభైల్లో డిగ్రీ ముగించి కుప్పంలో స్పోకెన్ ఇంగ్లీషు ట్యూషను పెట్టినప్పుడు నేనే రాసి పంచిన నోట్సు అది. శాంతిపురం వైపు నుంచి వచ్చే కుర్రాళ్ళు పనుల కోసం బెంగుళూరు వెళ్ళేవాళ్ళు, వాళ్ళకు పనికొస్తుందని రాశాను. కుప్పంలో స్టేషను ఊళ్ళోనే ఉంటుంది, బయటికొస్తే బజారే. ఆ నోట్సు ఎవరెవరి చేతులు మారిందో, మదనపల్లె చేరి, ఏటా అరవై చేతిరాతల్లో నా ముందుకే వచ్చి, నా సంతకమే పెట్టించుకుని పోయింది. అది నేనే రాశానని ఆయనకు చెప్పేశాను.

"అయితే సర్, మీరు ఆ స్టేషన్ మాస్టరుతో మాట్లాడారా?"

వసారాలోంచి ఆమె తల ఎత్తింది.

"ఏమంటాండాడు సారూ?"

"నేను రాసింది నిజమేనా అని అడగతాండాడమ్మా."

"సెప్పండి మరి. అడిగినాడు గదా."

చెప్పాను. మాట్లాడలేదు. మూడు సాయంత్రాలు కుప్పం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. వాక్యం నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. మూడో రోజు మాస్టరు నా ఎదురుగానే వచ్చాడు. "బెంగుళూరు బండి ఎప్పుడొస్తాది సార్?" అని తెలుగులో అడిగి, జవాబు కూడా వినకుండా వచ్చేశాను. గదికి వచ్చి, మాట్లాడినట్టు రాసుకున్నాను.

ఆయన నవ్వలేదు. "సర్, ఇది రాసి ఉంటే బాగుండేది" అన్నాడు. రికార్డు మూసి నా చేతిలో పెట్టాడు.

"ఫెయిలైతే?" అన్నాను.

"వెళ్ళిపోతాను. అక్కడ బడిలో నా పిల్లలు అడుగుతారు, నువ్వు ఆ ఊళ్ళో ఎవరితో మాట్లాడావు అని. స్టేషన్ మాస్టరుతో అని నేను చెప్పలేను."

నోటి పరీక్షకు కుప్పం వైపు నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినరుగా వచ్చాడు. రికార్డు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో ప్రశ్నలడిగాడు. మొదటి పిల్లవాడు స్టేషన్ మాస్టరును గడగడా అప్పజెప్పాడు. రెండో అమ్మాయీ అంతే. ఐదో వాడు నోరు తెరవకముందే పెద్దాయన అందుకున్నాడు.

"నలభై నిమిషాలు ఆలస్యం, అంతే గదా?"

"ఎస్ సార్."

"ఎన్నేండ్లుగా ఆలస్యమప్పా ఈ బండి?"

మా శాఖాధిపతి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఈయన వంతు వచ్చింది. పెద్దాయన ఎద్దు పేజీని రెండుసార్లు చదివి, ఆ బేరం ఎలా జరుగుతుందో చెప్పమన్నాడు. ఈయన మొదలుపెట్టి రెండు మాటల దగ్గర ఆగిపోయాడు. ఒక బస్సు పోయింది. రెండో బస్సూ పోయింది. పెద్దాయన కలం మూత తీశాడు. సీనియరు రికార్డును బలవంతంగానైనా ఆయనకు అంటగట్టి ఉండాల్సిందని ఆ క్షణంలో మనస్ఫూర్తిగా అనుకున్నాను.

అప్పుడు ఈయన జేబులోంచి చేతిరుమాలు తీసి, పరిచి, పెద్దాయన చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకున్నాడు. పెద్దాయన చేయి ఒకసారి బిగుసుకుంది. తర్వాత రుమాలు కింద అదీ కదిలింది. ఆయనకూ ఆ లెక్క వచ్చు! ఈయన ముఖం వెలిగింది. "నో సర్, చాలా ఎక్కువ. ఈ ఎద్దు ముసలిది" అన్నాడు ఇంగ్లీషులో. పెద్దాయన ఎద్దు పళ్ళు చూసుకోమన్నాడు. ఈయన కొమ్ములు చూశానన్నాడు. కుంటుతోందన్నాడు. మోసం చేస్తున్నారన్నాడు. క్రియలు ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట పడుతున్నాయి, కాలాలు కలగాపులగమవుతున్నాయి, అయినా మాటకూ మాటకూ నడుమ సైకిలు కూడా దూరలేదు. పది నిమిషాలు అలా వాదులాడుకున్నాక పెద్దాయన రుమాలు తీసి మడతపెట్టి ఇచ్చాడు. మా శాఖాధిపతితో తెలుగులో అన్నాడు.

"పొద్దన్నించి ఈడ ఇంగ్లీషు మాట్లాడింది ఈయప్ప ఒగడే సార్."

ఆయన పాసయ్యాడు. చదువు నిలిచింది. సత్యం గెలిచిందని మాత్రం పొంగిపోకండి. మిగతా అందరికీ ఆయన కన్నా ఎక్కువ మార్కులే పడ్డాయి. వాళ్ళ వాక్యాల్లో తప్పుల్లేవు మరి. అవి నేను రాసినవి కదా. ఆయనకు తప్పులకు కోత పడింది, గీత దాటి నాలుగంటే నాలుగు మార్కులు మిగిలాయి. అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని మేమిద్దరం ఆ ఫలితం చూశాం. ఒక మనిషి చదువు నాలుగు మార్కుల అంచున వేలాడింది ఆయన అబద్ధం ఆడనందుకు. ఆ అంచును చెక్కినవాణ్ణి నేనే.

మీరు పంతులైతే, రేపు మీ బల్ల మీదికి వచ్చే కట్టలోంచి ఒక్క పుస్తకం తీసి మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదవండి. రాసిన పిల్లను పిలిచి, ఇది నిజంగా జరిగిందా అని అడగండి. జరగలేదంటే తిట్టకండి. ఎందుకు మాట్లాడలేకపోయిందో, ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగిందో, అదే రాసి తెమ్మనండి. తెచ్చినదాంట్లో ఇరవై తప్పులుంటే ఉండనీయండి. మార్కులు దానికి వేయండి.