ఆరుగురి లిఫ్టులో విజయగీతం

1994 జూన్‌లో కంపెనీ నన్ను సికింద్రాబాదు నుంచి మార్చి, చిక్కడపల్లి సెక్షన్‌కు లిఫ్టుల మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా వేసింది. నారాయణగూడ, అశోక్‌నగర్ కూడా ఆ సెక్షన్‌లోకే వస్తాయి. పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న రోజులవి. నా కింద మెకానిక్ యాదగిరి. పాలమూరు మనిషి, నాకంటే పెద్దవాడు, తలుపంత వెడల్పు. నేనేమో ఫ్యాను పెద్దగా పెడితే ఎగిరిపోతానని ఇంట్లో బెంగపడే రకం. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి.

లిఫ్టు పని సగానికి పైగా దాని పైకప్పు మీద నిలబడి చేసేదే. తాళ్లు, స్విచ్చులు చూసుకోవాలంటే వేరే దారి లేదు. సికింద్రాబాదులో ఒకసారి నేను పైన ఉండగా లిఫ్టు జారింది, నేను పడి పక్కటెముక విరిగింది. ఎముక అతికింది కానీ భయం పోలేదు. పైకప్పు మీద కాలు పెట్టబోతే చాలు, చేతులు వణికేవి. ఈ సంగతి మా ఇంజనీరుకు నేనే చెప్పాను. ఆయన మర్యాదగానే విని, సంవత్సరాంతపు తనిఖీలో నేను పైన నిలబడితే సరే, లేకపోతే ముషీరాబాద్‌లోని విడిభాగాల గోడౌన్‌కు మార్చక తప్పదన్నారు. గోడౌన్‌లో జీతం తగ్గదు. కానీ నాకు లిఫ్టులంటే పిచ్చి ప్రేమ. పెట్టెల మధ్య కూర్చుంటే బతకలేననిపించింది.

మేము క్రైస్తవులం. భయం కూడా శత్రువేనని, ఆ యుద్ధం మనది కాదు దేవునిదని నారాయణగూడలోని మా సంఘంలో చెప్పేవారు. నేనూ నమ్మాను. అయితే నా ప్రార్థన కాస్త కాంట్రాక్టు పద్ధతిలో ఉండేది. ప్రభువా, ముందు భయం తీసెయ్యి, ఆ తర్వాత ఎక్కుతాను, అని. భయం తగ్గేదాకా పైకప్పు పనులన్నీ యాదగిరికి వదిలేసి, నేను టెర్రస్ మీది మోటారు గదిలో ఉండేవాణ్ని.

నా భార్య సుగుణ ఇది చూడలేక స్త్రీల ప్రార్థన కూడికలో చెప్పింది. దాని పెద్ద మార్తమ్మ గారు, రిటైరైన టీచరు. ఆవిడ ఆమేన్ అంటే కిటికీ రెక్కలు కూడా అన్నట్టుండేది. శనివారం అశోక్‌నగర్‌లో ఒక సహోదరి ఇంట్లో, నాలుగో అంతస్తులో, ప్రత్యేక కూడిక పెట్టారు. ప్రార్థన అంశం ఒక్కటే: నా భయం మీద నాకు విజయం. సిగ్గుతో చచ్చాను, లోపల సంతోషం కూడా కలిగింది.

వాళ్లకొక ఆనవాయితీ ఉంది. గేటు దగ్గర విజయగీతం ఎత్తుకుంటే, కూడిక గదిలో ఆమేన్ చెప్పేదాకా ఎవరూ పాట ఆపకూడదు, గుంపు విడిపోకూడదు. లిఫ్టులో ఆరుగురికి మాత్రమే అని రాగి పలక మీద రాసి ఉంది. వీళ్లు ఎనిమిది మంది, అందరూ పుష్టిగా ఉన్నవాళ్లే. పాట ఆపి ఇద్దరు కింద ఉండండని చెప్పేదెవరు? అందరూ ఎక్కారు. లిఫ్టు కొంచెం ఎక్కి, మోయలేక, కిందికి జారింది. జారగానే సేఫ్టీ గేరు పట్టేసింది. అంటే లిఫ్టు వేగంగా దిగితే పట్టాలను దవడల్లా కరిచి ఆపేసే ఏర్పాటు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ నర్సింగరావు గారు ఆఫీసుకు ఫోన్ చేశారు. "జర జల్ది రాండ్రి సార్. మీ ఇంటామె గూడ లోపట్నే ఉన్నది. పరేషాన్ అయితున్నరనుకుంటే, పాటలు పాడుతున్నరు" అన్నారు.

యాదగిరి, నేను స్కూటరు మీద పోయాం. మొదటి అంతస్తు జాలీ గేటు తెరిచి చూస్తే, నా మోకాళ్ల ఎత్తులో ఎనిమిది తలలు, పాడుతూ. ఒక్కొక్కరినీ అట్లాగే పైకి లాగేద్దామని నర్సింగరావు గారు అన్నారు కానీ, మనిషి సగం బయట ఉండగా లిఫ్టు కదిలితే ప్రాణం పోతుంది. నియమం ప్రకారం కరెంటు తీసేసి, మోటారు గదిలో ఒకరు బ్రేకు మీట నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం తిప్పి లిఫ్టును పైకి తేవాలి. అప్పుడే గేరు వదులుతుంది. అది వదిలిందో లేదో పైకప్పు మీద నిలబడి ఒకరు చూస్తూ ఉండాలి.

బ్రేకుకు నర్సింగరావు గారు లుంగీ ఎగ్గట్టి సిద్ధమయ్యారు. మిగిలింది చక్రం, పైకప్పు. యాదగిరి లోపలికి తొంగి చూశాడు. నన్ను కింది నుంచి మీదిదాకా చూశాడు. "సార్, గింత బరువుకు చక్రం మీతోని తిరుగుతదా?" అన్నాడు.

తిరగదు. అది చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. పైకప్పు నాదే.

స్టూలు వేసుకున్నాను. చేతులు వణికాయి, బాగా వణికాయి. దేవుడు భయం తీసెయ్యలేదు, గోరంత కూడా తగ్గించలేదు. ప్రభువా, నువ్వే పట్టుకో అని మాత్రం అనుకుని పైకి పాకాను. ఫ్యాను జాలీలోంచి సుగుణ గొంతు వినిపించింది. "పైకెక్కింది ఎవరు, యాదగిరన్ననా?"

"నేనే" అన్నాను.

లోపల పాట ఆగిపోయింది. గేటు దగ్గర నుంచి ఆగనిది అప్పుడు ఆగింది. తర్వాత మార్తమ్మ గారు, "ఏంది చూస్తున్నరు? ఎత్తుకోండి" అన్నారు. అంతే, ఈసారి చప్పట్లతో సహా ఎత్తుకున్నారు. నా కాళ్ల కింది రేకు అదిరింది. నాకు నవ్వాగలేదు. వణుకుతూనే నవ్వాను, నవ్వుతూనే, పైన మోటారు గదిలో చక్రం పట్టుకున్న యాదగిరికి తిప్పమని కేక వేశాను. లిఫ్టు అంగుళం అంగుళం లేచింది. గేరు వదిలింది. నేను పానాతో ఇనుప దూలం మీద పాటకు తాళం వేయడం మొదలుపెట్టాను. నేల సమానానికి రాగానే ఆపమని అరిచాను.

గేటు తీశారు. ఆడవాళ్లంతా చెమటతో, నవ్వుతో బయటపడ్డారు. మార్తమ్మ గారు మిగతా మెట్లన్నీ ఎక్కి, కూడిక పెట్టి, ఆమేన్ చెప్పాకే చాయ్ ముట్టుకున్నారు. అడగడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి అంతా స్తోత్రమే చెప్పారట. నేను వాళ్లతో లేను. అందరూ వెళ్లిపోయినా నేనింకా లిఫ్టు పైనే ఉండి ఒంటరిగా పాడుకుంటున్నానని, సుగుణ రెండో అంతస్తు నుంచి తొంగి చూసి, "ఇగ దిగుండ్రి, పాట అయిపోయింది" అన్నదాకా నాకే తెలియలేదు.

డిసెంబరు తనిఖీలో ఇంజనీరు ముందు పైకప్పు మీద నిలబడ్డాను. వణుకుతున్న చేతుల్ని ఆయన చూశారు. పని ఎట్లా జరిగిందో కూడా చూశారు. గోడౌన్ మాట మళ్లీ ఎత్తలేదు.

భయం పోవడమే విజయమని నేను అంతకు ముందు లెక్క వేసుకున్నాను. అది నా లెక్క, దేవుడిది కాదు. రిటైరయ్యేదాకా పైకెక్కిన ప్రతిసారీ నా చేతులు వణికాయి, ప్రతిసారీ నేను ఎక్కాను.