రంగూను కిష్టప్పకు కుప్పం చెయ్యెత్తిన రోజు

ఈ ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించిన కిష్టప్ప కుప్పంలో పంచాయతీ బోర్డుకు నిలబడ్డాడని, ఎన్నిక ఆవేళేనని తెలిసి, తెల్లవారుతూనే మదనపల్లెలో బస్సెక్కాను. అతను పుట్టింది రంగూనులో. యుద్ధమప్పుడు అడవులు దాటి నడిచొచ్చాడు. మా వూళ్ళో కొన్నాళ్ళు చదువు చెప్పి కుప్పం చేరాడు.

పెట్రోలు దొరక్క బొగ్గు పొయ్యి కట్టిన బస్సు. వెళ్ళేవారు తెల్లచొక్కా వేసుకోకండి. కండక్టరు అరవకముందే బోర్డు చూసి "పుంగనూరు!" అని నేనే చదివాను.

"తాతా, నా వుద్యోగానికి ఎసరు పెడతాండావే!" అన్నాడు.

అక్కడ సంగటి, ఊరిబిండి పచ్చడి బాగుంటాయి. కాఫీ మాత్రం తాగకండి.

పలమనేరులో బస్సు మారాను. పక్కన కుప్పం వ్యాపారి మునస్వామి. గుప్పెడు కాయలు చేతిలో పోసి, "తినన్నా, మల్లాట" అన్నాడు.

"మా పక్క శెనక్కాయంటాము. ఈ పేరేందప్పా?"

"మణిలా కొట్టై అనాల. సముద్రం అవతల మణిలా నుంచి వచ్చిన గింజ గదా. మా అరవ నోళ్ళలో నలిగి మల్లాట అయిపొయ్యింది."

నేనెవరి కోసం వెళుతున్నానో చెప్పగానే మొహం ముడిచాడు. "మంచోడే. అయితే యాడనో పుట్నోడు మనల్ని ఏలేదేందన్నా?"

వెంకటగిరికోట దాటాక ఎత్తులో బస్సు ఆగింది. ఇద్దరం భుజం కలిపి తోశాం.

మూడింటికి కుప్పం. సంత మైదానంలో ఆఫీసరు జనాన్ని కూర్చోబెట్టాడు. కిష్టప్ప నిలబడ్డ వార్డుకు చేతులెత్తడమే ఓటు. కిష్టప్ప లేవగానే మునస్వామి కేకేశాడు. "పుట్టిన వూరు సెప్పప్పా!"

జనం గొణిగారు. కిష్టప్ప తల వంచాడు. నాకు ఒళ్ళు మండింది.

"మునస్వామీ, నీ నోట్లో ఏముండాది?"

"మల్లాట. యాల?"

"అది యాడ పుట్టిందో బస్సులో నువ్వే సెప్తివే! ఉమ్మేసి మాట్లాడు!"

సంత సంతంతా పగలబడి నవ్వింది. మునస్వామి ఉమ్మలేదు. తీరిగ్గా నమిలి మింగాడు. "ఈ ముసలోడికి మల్లాట పెట్టింది నాదే తప్పు" అంటూ అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. ఆ వెనక లేచిన చేతుల్లో కిష్టప్ప నాకు కనబడకుండా పోయాడు.

రాత్రి బోర్డు మెంబరుగారింట్లోనే పడుకున్నాను. కుప్పం తెలుగు, అరవం, కన్నడం మూడు భాషల్లో తిట్టి, మూడింటిలోనూ అన్నం పెట్టే వూరు. చూసి రండి.

పొద్దున్నే బస్సు దగ్గరికి మునస్వామి మల్లాట విత్తనాల మూట తెచ్చాడు. "మీ వూరికి పోయినాక దీన్ని ఏమని పిలుస్తావన్నా?"

"మా చేలో మొలిస్తే మా శెనక్కాయే" అన్నాను. బస్సు కదిలింది.