కుర్చీలో ఉన్నవాళ్ల మాట

మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఏదో కొత్త భవనం లేస్తోంది. వారం రోజులుగా పొద్దున్నే పునాదుల కోసం ఇనుప గొట్టాలను భూమిలోకి దిగగొడుతున్నారు. దెబ్బ పడ్డప్పుడల్లా వంటింటి కిటికీ అద్దం సన్నగా అదురుతుంది, పొయ్యి మీద గిన్నెలో పాలు వణుకుతాయి. మావారు విసుక్కుంటూ ఆఫీసుకు పోతారు. నన్ను ఆ చప్పుడు బాధించదు. అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడే గుండె ఝల్లుమంటుంది. ఎవరో ఏదో చూశారు కాబోలు అనిపిస్తుంది. ఈ వీధిలో చూడటానికి ఏముంది, పనివాళ్లు టీకి ఆగి ఉంటారు. ఆ సంగతి తెలిసి కూడా చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోతాను. అన్వర్ సార్ నాకు నేర్పి వెళ్లిన జబ్బు ఇది.

ఆయనది కడప. కుర్రతనంలో సరకుల ఓడల్లో తిరిగి, తర్వాత సముద్ర జీవుల చదువు చదివి, ఒమాన్ తీరంలో తలపండినవాడు. నేను కాకినాడలో జువాలజీ చదివి, పెళ్లయ్యాక మస్కట్ వచ్చి, రెండు గదుల ఇంట్లో గోడలతో పోట్లాడుకుంటున్న రోజుల్లో ఆయన దగ్గర ఉద్యోగం దొరికింది. దక్షిణ తీరంలో ఒక చిన్న రేవుకు కొత్త జెట్టీ కడుతున్నారు. బార్జ్ అనే చదునైన పడవ మీద పెద్ద సుత్తి, అందరూ హామర్ అనేవారు, ఇనుప గొట్టాలను సముద్రపు అడుగులోకి దిగగొడుతుంది. ఆ దెబ్బల మోత నీళ్లలో చాలా దూరం పోతుంది. దగ్గరలో తిమింగలం గానీ డాల్ఫిన్ గానీ ఉంటే దాని చెవులు పాడవుతాయి. చెవి పోయిన తిమింగలం గుడ్డిదాని కింద లెక్క. పైగా ఇక్కడి మూపురపు తిమింగలాలు మిగతా సముద్రాల్లోవాటిలా వలస పోవు. ఏడాది పొడుగునా ఈ నీళ్లలోనే బతుకుతాయి, మిగిలినవి కొద్దే. అందుకని ఒడ్డున గుట్ట మీద ఒక మనిషి కూర్చుని సముద్రం చూస్తూ ఉండాలి. కనబడగానే రేడియోలో ఆపమనాలి. అదే మా డ్యూటీ.

గుట్ట మీద ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. దాన్ని సైట్‌కు వీపు పెట్టి, సముద్రం వైపు వేయించారు ఆయన. అందులో కూర్చున్నవాళ్లు వెనక్కి తిరగకూడదు. ఫోనూ వాచీ ఆయన చేతికి ఇచ్చేయాలి. టైం తెలిస్తే తొందర పుడుతుందనీ, తొందర పుట్టిన కంటికి నీళ్లు తప్ప ఏమీ కనబడవనీ ఆయన నమ్మకం. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. కుర్చీలో ఎవరుంటే ఆ సేపటికి మాట వాళ్లది. వెనక నిలబడ్డవాడు ఎంత పెద్దవాడైనా సరే, ఆయనైనా సరే, దాన్ని కాదనడానికి లేదు.

మొదటి వారంలోనే నేను ఆ నియమం పరువు తీశాను. అలల మధ్య నల్లగా, గుండ్రంగా ఒక వీపు తేలి మునిగింది. ఆపమని అరిచాను. హామర్ ఆగింది, క్రేన్ ఆగింది, సైట్ అంతా సముద్రం వైపు తిరిగింది. కాసేపటికి ఆ వీపు ఒడ్డు దగ్గరకు కొట్టుకొచ్చింది. చేపల వలకు కట్టిన పాత ప్లాస్టిక్ డ్రమ్ము! ఆ సాయంత్రానికల్లా నేను సైట్‌లో డ్రమ్ము మేడమ్‌ని అయిపోయాను. క్యాంపులో అన్నం వడ్డించే అబ్దుల్ కూడా ముసిముసిగా నవ్వాడు. అన్వర్ సార్ మాత్రం నవ్వలేదు, ఓదార్చనూ లేదు. డ్రమ్మే, మళ్లీ కూర్చో అన్నారు, అంతే. ఓదార్చి ఉంటే ఏడ్చేదాన్ని.

ఇక ఆ రంజాన్ నెల సంగతి. చివరి గొట్టం ఒక్కటే మిగిలింది. బార్జ్ మర్నాడు వేరే రేవుకు పోవాలి, అది తిరిగొచ్చేలోపు రుతుపవనాల గాలి మొదలై సముద్రం లేస్తుంది. అంటే ఆ గొట్టం ఆ రోజు దిగకపోతే పని నెలల తరబడి ఆగుతుంది, సైట్‌లో ఉన్న మనుషులందరికీ పని పోతుంది. ఇది అందరికీ తెలుసు. సైట్ మేనేజర్ శ్రీనివాస్ గారు కరీంనగర్ మనిషి, మంచివాడే. పొద్దుటినుంచీ సుత్తిలో ఏదో చెడి బాగుచేయించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ వంతు నాది. నా వెనక అన్వర్ సార్ నిలబడ్డారు, రంజాన్ ఉపవాసం కాబట్టి ఆయనకు పొద్దుటినుంచీ గుక్కెడు నీళ్లు కూడా లేవు. ఉపవాసం ఆయనదీ నీరసం నాదీ.

ఆ తీరంలో మధ్యాహ్నం దాటితే ఎండ వెనకనుంచి వస్తుంది. నా నీడ నా ముందు ఇసుకలో సాగుతూ ఉంటుంది. వాచీ లేకపోయినా పొద్దు ఎంత వాలిందో దాన్ని బట్టే తెలిసేది. హామర్ మొదలుపెట్టే ముందు చివరిసారి చూపు సారించాను. చాలా దూరంలో, నీళ్ల మీద ఒక తెల్లటి తుంపర లేచింది. తిమింగలం ఊపిరి వదిలితే లేచే తుంపర అది. ఒక్కసారి లేచి, గాలికి చెదిరిపోయింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఆపేశారు. ఒకసారి కనబడితే తర్వాత కొంతసేపు సముద్రం ఖాళీగా ఉందని నమ్మకం కుదిరాకే మళ్లీ మొదలుపెట్టాలి. చీకటి పడితే కొత్తగా మొదలుపెట్టనే కూడదు. ఆ రోజు మిగిలిన వెలుతురుకు ఈ రెండూ కలిసి కుదరవు. నేను చెయ్యెత్తడంతోనే ఆ రోజు అయిపోయినట్టే. తుంపర మళ్లీ లేవలేదు. చూస్తున్నకొద్దీ నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అల విరిగితే కూడా అలాగే తెల్లగా లేస్తుంది కదా అని మనసు పీకడం మొదలుపెట్టింది. డ్రమ్ము గుర్తొచ్చింది. వెనక ఎవరో ఆ మాట అన్నారు కూడా.

ఇసుకలో నా నీడ పక్కకు ఇంకొక నీడ వచ్చి ఆగింది. శ్రీనివాస్ గారిది. ఆయన నాతో మాట్లాడలేదు, నియమం ఆయనకూ తెలుసు. అన్వర్ సార్‌తో గొంతు తగ్గించి మాట్లాడారు. మీరు చూశారా అని అడిగారు. జవాబు రాలేదు. అప్పుడు శ్రీనివాస్ గారి గొంతు మారిపోయింది.

"భాయ్, జర నువ్వు కూసో ఆ కుర్చీల. నువ్వు చూసి ఏం లేదంటే ఎవ్వరూ ఏమనరు. ఈ పిల్లలందర్ని రేపు నేను ఏడికి పంపాలె, చెప్పు."

అది బెదిరింపు కాదు, బతిమాలడం. అందుకే మరీ భరించలేకపోయాను. అన్వర్ సార్ కూర్చుంటే ఆయన మాటే మాట, నా తుంపర గాలికి పోయినట్టే. అది తప్పు కూడా కాదు, వంతు మారడం రోజూ జరిగేదే. నాకూ బతికిపోయాననిపించింది. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవడం దేనికని కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను.

"లేవద్దు" అన్నారు అన్వర్ సార్. ఎండిపోయిన నాలుకతో, మెల్లగా. "చూసినావా?"

నా ముందు మూడు నీడలూ కదలకుండా ఉన్నాయి. చూశానని చెప్పాను.

"అట్లయితే కూర్చో." తర్వాత అటు తిరిగి అన్నారు, "కుర్చీలో ఉండేది ఆ పాప. నాకు ఇప్పుడు మాట లేదు సార్."

శ్రీనివాస్ గారి నీడ చాలాసేపు అక్కడే ఉండి, వెళ్లిపోయింది. నేను కళ్లార్పకుండా చూశాను. ఒక్క తోక, ఒక్క వీపు, పోనీ ఒక డాల్ఫిన్ అయినా లేస్తే చాలని ఎన్ని మొక్కులు మొక్కానో. సముద్రం నున్నగా, ఏమీ ఎరగనట్టు పడుకుంది. నీడలు కలిసిపోయాయి. కింద క్యాంపులోంచి అజాన్ వినబడింది. అన్వర్ సార్ జేబులోంచి ఖర్జూరం తీసి, సగం నాకిచ్చి, సగం నోట్లో వేసుకున్నారు.

మర్నాడు బార్జ్ వెళ్లిపోయింది. మనుషుల్లో కొందరిని ఇబ్రిలో, కొందరిని ఇబ్రాలో ఉన్న వేరే సైట్లకు పంపారు. మిగిలినవాళ్లు ఇళ్లకు టికెట్లు కొనుక్కున్నారు. అబ్దుల్ వెళ్తూ నాకు సలాం పెట్టలేదు. కంపెనీ నన్ను ఏమీ అనలేదు, నేను నియమం ప్రకారమే చేశానన్నారు. ఆ నియమం పెట్టిన మనిషికి మాత్రం వీసా పొడిగించలేదు.

ఆయన్ను మస్కట్ బస్సు ఎక్కించడానికి వెళ్లినప్పుడు ఇక ఆపుకోలేక అడిగాను, ఆ రోజు మీరు కూడా చూశారు కదా సార్ అని. అవునంటారని, ఆ ఒక్క మాటతో ఒడ్డున పడతానని ఆశ.

"లేదు బేటీ. నేనూ అటే చూస్తాంటి. నాకేం కనపళ్లేదు. నువ్వు పొరపాటు పడినావనే అనుకున్నా."

ఒళ్లు మండిపోయింది. నమ్మని మాట కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా, ఇంతమందిని రోడ్డున పడేస్తారా అని బస్టాండ్‌లో నలుగురూ చూస్తుండగా గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. బ్యాగు భుజాన సర్దుకున్నారు.

"నేను ఆ కుర్చీలో కూర్చోని ఉంటే, రేపట్నుంచి నువ్వు ముందు నా మొగం చూస్తావు. ఆ మింద సముద్రం చూస్తావు."

ఆ తర్వాత రెండు మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. కిందటేడు పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. ఆ తుంపర నిజమో కాదో నాకు ఇవాళ్టికీ తెలియదు. అక్కడ పని పోయినవాళ్ల ముఖాలు గుర్తొస్తే, నియమం కంటే మనుషులు పెద్దవాళ్లు కాదా అని ఆయనతో మనసులోనే పోట్లాడతాను. గెలిచిన రోజులూ ఉన్నాయి. కానీ ఇప్పుడు కుర్చీ వెనక నిలబడేది నేనే. మొన్న చలికాలం ఇంకో రేవులో, తుని నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతె కుర్చీలో ఉంది. పని ఆలస్యమై అందరూ మండిపడుతున్న వేళ చెయ్యెత్తింది. నేనూ అటే చూస్తున్నాను, నాకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. మేనేజర్ నా దగ్గరకు నడిచి వస్తున్నాడు. నా వీసా ఆ క్షణాన ఆ పిల్ల నోట్లో ఉంది. ఆమె భయపడి, వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

సముద్రం అటు ఉంది అన్నాను, నా ముఖం పక్కకు తిప్పుకుని.