నిండు టిఫిన్లు ముందు, ఖాళీ టిఫిన్లు వెనుక

ఆ రోజుల్లో నాకు నా ఎంబీఏ మీద ఎంత నమ్మకమంటే, లోకంలో ఏ లైనైనా నేను చెప్పినట్టే కదులుతుందనుకునేదాన్ని. గోదావరిఖనిలో ఓ పెట్రోల్ బంకుకు కొత్త మేనేజరుగా వచ్చాను. ఆయిల్ కంపెనీ ఆఫీసరు వచ్చి చూసి మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేదంటే మా ఊరు మంథనికి తిరుగు బస్సెక్కడమే. మధ్యాహ్నం బొగ్గు గనుల్లో షిఫ్టు మారే వేళకు బంకు ముందంతా బైకులే. ఎండలో బొగ్గు దుమ్ము మెల్లగా తేలుతుంటే, నేనూ నా కలల్లో తేలిపోతుండేదాన్ని (కలలో అందరూ నాకు చప్పట్లు కొట్టేవారు).

నేను రాకముందు లైను నడిపింది పంపు దగ్గర పెట్రోలు పోసే అక్క. బైకు హ్యాండిలుకు వేలాడే టిఫిన్ డబ్బాను వేలితో తట్టేది. నిండుగా ఉంటే డ్యూటీకి పోతున్న మనిషి, ముందుకు. బోలుగా మోగితే ఇంటికి పోతున్న మనిషి, వెనక్కి. ఎవరూ కిమ్మనేవారు కాదు. నాకది మోటుగా తోచి, సర్వీస్ స్ట్రాటజీ అని పేరు పెట్టి, వచ్చిన వరసలో టోకెన్లు ఇప్పించాను. "డ్యూటీకి పోయేటోళ్లకు ఆలస్యమైతది మేడం" అంది అక్క. నేనెందుకు వింటాను!

ఆఫీసరు వచ్చే రోజే కొంప మునిగింది. లైనులో నిలబడ్డ ఓ గని కార్మికుడు, అందరూ కాక అని పిలిచే పెద్దాయన, బండి పక్కకు పెట్టి తిన్నగా నా కుర్చీలో కూర్చుని టిఫిన్ విప్పాడు.

"నీ టోకెను పట్టుకొని నిలవడితే గనిల నా మస్టర్ పాయె బిడ్డా, ఇయ్యాల్టి హాజరు పోయినట్టే. మా గని దూరం, ఇగ అందుకోను. ఇయ్యాల నా డ్యూటీ ఈడనే. హాజరు నువ్వే ఎయ్యాలె."

నాకు తల కొట్టేసినట్టయింది. సగం బైకులు అప్పటికే ఎదుటి బంకుకు మళ్లుతున్నాయి. దూరంగా ఆఫీసరు కారు. కాక చేతిలో ముద్దతోనే లేచాడు. "అక్కా, టిఫిన్లు తట్టు! ఇంటికి పోయేటోళ్లు జర ఆగుండ్రి, డ్యూటీకి పోయేటోళ్లకు తొవ్వియ్యుండ్రి!" చూస్తుండగానే లైను కరిగిపోయింది.

"భేష్! టిఫిన్ తట్టి లైను నడిపే ఈ ఆలోచన ఎవరిది?" అన్నాడు ఆఫీసరు, కారు దిగుతూ.

"నాదే సార్." నోరు నాకంటే ముందు పరుగెత్తింది. అక్క నావైపు ఒకసారి చూసి, మళ్లీ పైపు అందుకుంది.

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం కాక అడిగినట్టే మా రిజిస్టరులో ఆయన పేరు రాసి సంతకం పెట్టాను. కాక నవ్వుతూ పోయాడు, ఆ రోజు హాజరు గనిలో పడనే లేదు.

ఇప్పుడు ఇదే కథ పెద్ద మీటింగుల్లో చెబుతుంటాను, ఆలోచన అక్కదని గట్టిగా చెప్పి మరీ. అందరూ నిజంగానే చప్పట్లు కొడతారు. "నాదే సార్" అన్న ఆ పిల్ల మీద కోపం రాదు నాకు, నవ్వే వస్తుంది. అక్కతో మాత్రం "ఆ ఆలోచన నీదే" అన్న ముక్క ఈ రోజుకూ అనలేకపోయాను.